వేపపుల్ల మొదలు వాముపువ్వు దాకా
(పిల్లల పంటి ప్లేటు వెనుక ఉన్న చరిత్ర)

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇవ్వవలసిందిగా మన సంఘ కార్యవర్గం వారు కోరినప్పుడు నేను బుక్కపట్నం చెరువు గురించో, పెనుకొండ కోట గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ రెండింటి మీదా నాకంటె బాగా రాయగల ఉపాధ్యాయ మిత్రులు మన సభ్యులలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందులు కలిపి ఇచ్చినవాణ్ణి. జనం పిలిచే పేరు చెప్పాలంటే కాంపౌండరును. నాకు తెలిసిన చరిత్ర రాజులది కాదు, సీసాలది. అందులోనూ మూతి బిగించిన చిన్న సీసాలది: లవంగ నూనె, నీలగిరి తైలం, వాముపువ్వు, పిప్పర్మెంటు పువ్వు. ఈ నాలుగూ నోటి శుభ్రతకు ఎలా వచ్చాయి, ఎక్కడెక్కడ తిరిగాయి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచాను.

దీనికి ప్రేరణ నా తప్పే. అది ముందే ఒప్పుకొని మొదలుపెడతాను.

రెండు వేసవుల క్రితం మా మనవరాలు సెలవులకు బుక్కపట్నం వచ్చింది. పదేళ్ల పిల్ల. ముందరి పండ్లు ఎత్తుగా ఉన్నాయని పట్నంలో దంతవైద్యులు పైదవడకు ప్లేటు పెట్టారు. గులాబీ రంగు ప్లాస్టిక్ పలక, దానికి సన్నటి ఉక్కుతీగ. తినేటప్పుడు తీసి, మళ్లీ పెట్టుకోవాలి. ఆటల్లో పడి పిల్ల దాన్ని కడగడం మరిచేది. నాలుగు రోజులకు ప్లేటు మీద తెల్లటి జిగురు పొర కట్టింది, వాసన మొదలైంది. పక్కింటి పిల్లలు ముక్కు మూసుకున్నారని ఏడ్చుకుంటూ వచ్చి, "తాతా, నువ్వు మందులాయనవి కదా, ఏమన్నా చెయ్యి" అంది.

ఆ ఒక్కమాటతో నా పాత ఉద్యోగం నెత్తికెక్కింది. ముద్దకర్పూరం, వాముపువ్వు, పిప్పర్మెంటు పువ్వు సమంగా కలిపితే మూడు గట్టి పదార్థాలూ కరిగి నీళ్లలా అవుతాయి. మన ఇళ్లలో అమృతధార అనేది అదే. దానికి నాలుగు చుక్కల లవంగ నూనె చేర్చి, వేడినీళ్ల గిన్నెలో వేసి, ప్లేటును రాత్రంతా నానబెట్టాను. పొద్దునకు జిగురూ వాసనా పోయాయి. నేను గర్వపడ్డాను. ప్లేటు పెట్టుకున్న గంటకు పిల్ల అంగిలి మండి, ఎర్రగా పొక్కింది. ప్లేటు కూడా సరిగా కూర్చోవడం లేదు, ఒకవైపు లేచి ఉంది. మరుసటి రోజు దంతవైద్యురాలి దగ్గరికి తీసుకుపోతే ఆమె ప్లేటును వెలుతురుకు పెట్టి చూసి, "వేడినీళ్లలో వేశారా తాతగారూ?" అని అడిగింది. నా ముప్పై మూడేళ్ల సర్వీసు ఆ ఒక్క ప్రశ్న ముందు నిలవలేదు. ప్లేటు మళ్లీ చేయించవలసి వచ్చింది. పిల్ల వారం రోజులు పెరుగన్నం తప్ప ఏమీ తినలేకపోయింది.

ఆ వారమంతా నేను పుస్తకాల్లో వెతికిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రాంతంలో నా చిన్నప్పుడు పండ్లు తోమడమంటే వేపపుల్ల, కానుగపుల్ల, లేదా పిడక బూడిద, ఉప్పు. మా అవ్వ ఉత్తరేణి వేరు కూడా వాడేది. చిత్రావతి ఇసుకలో కూర్చుని పుల్ల నమిలే పెద్దలు అరగంట లేచేవారు కాదు. ఊరి వార్తలన్నీ అక్కడే తెలిసేవి. ఈ అలవాటు ఎంత పాతదో చెప్పడానికి మన వైద్యగ్రంథాలే సాక్ష్యం. చరకసంహిత సూత్రస్థానంలో పంటిపుల్లకు తగినవిగా కానుగ, గన్నేరు, జిల్లేడు, మాలతి, మద్ది, వేగిస చెట్లను చెప్పారు. వేప ఆ జాబితాలో లేదు! సుశ్రుతుడు మాత్రం చేదు పుల్లల్లో వేప మేలన్నాడు, కారపు పుల్లల్లో కానుగ. కాబట్టి మన కానుగపుల్లకు ఇద్దరి మద్దతూ ఉంది. (గన్నేరు, జిల్లేడు మాత్రం ఎవరూ ఇప్పుడు ప్రయత్నించవద్దు. గన్నేరు విషం. పాత గ్రంథంలో ఉన్నదల్లా పిల్లల నోట్లో పెట్టదగినది కాదన్న సంగతి ఇక్కడే తెలుస్తుంది.)

అదే చరకంలో, పుల్లతో తోమిన తరువాత నోట్లో ఉంచుకోవలసిన పరిమళ ద్రవ్యాలు వేరుగా చెప్పారు. జాజికాయ, వక్క, లవంగం, తక్కోలం, తమలపాకు, కర్పూరం, ఏలకులు. మన తాంబూలం దాదాపు ఇదే. ఇక్కడ ఒక భేదం గమనించాలి. పుల్ల పని పాచిని రాసి తీయడం. పరిమళ ద్రవ్యాల పని ఆ తరువాతది. పెద్దలు ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి అనలేదు, ఒకదాని వెంట ఒకటి అన్నారు. నా తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. ప్లేటును తోమకుండా పరిమళంలో నానబెట్టాను.

ఇంకొక అపోహ కూడా తొలగించుకోవాలి. నూనె అనగానే మనవాళ్లకు గానుగ నూనె గుర్తుకొస్తుంది. వేపనూనె, కానుగనూనె, నువ్వులనూనె గింజను పిండి తీసేవి. లవంగ నూనె, నీలగిరి తైలం వంటివి ఆ జాతి కావు. వీటిని ఆవిరి పట్టి దించుతారు. ఆకునో, మొగ్గనో, గింజనో నీళ్లతో కాచినప్పుడు పైకి లేచే ఆవిరిని చల్లార్చితే నీటిమీద తేలేదో, అడుగుకు దిగేదో ఈ నూనె. కాగితం మీద చుక్క వేస్తే గానుగ నూనె మరక ఉండిపోతుంది, ఆవిరినూనె ఎగిరిపోతుంది. వేపపుల్ల గొప్పదే గాని దాని చేదు ఆవిరినూనె వల్ల వచ్చినది కాదు. వేపనూనె మీద అమెరికా వారికి ఐరోపాలో 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయినప్పుడు, 2005లో అప్పీలు కూడా కొట్టివేసినప్పుడు మనమంతా సంతోషించాం. కాని ఆ కేసు పైరు తెగుళ్లకు సంబంధించినది, పండ్లకు కాదు. వేపనూనె పసిపిల్లలకు తాగిస్తే కాలేయం, మెదడు దెబ్బతిన్న ఉదంతాలను 1980 దశకం మొదట్లోనే మలేసియా వైద్యులు ప్రకటించారు. ఉగ్గు పేరుతో ఇచ్చే ఇళ్లు మన వైపు కూడా ఉండేవి కనుక ఈ మాట అదనంగా రాశాను.

వాము కథ అన్నిటికంటె ఆసక్తికరం. ఓమము అని కూడా అంటాం. మన పొరుగు కర్నూలు జిల్లా నల్లరేగళ్లలో పండే పంట ఇది. కర్నూలు మార్కెట్టు యార్డులో వాము వేలం ఇప్పటికీ పేరున్నదే. గింజలో నూటికి రెండు మొదలు నాలుగు పాళ్ల ఆవిరినూనె ఉంటుంది. ఆ నూనెను చల్లబరిస్తే పటికబెల్లపు పలుకుల్లా గడ్డకట్టేదే వాముపువ్వు. ఇంగ్లీషు వైద్యంలో దాని పేరు థైమాల్. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీకి పోయేది. అక్కడ నూనె దించి, థైమాల్ తీసి, ప్రపంచమంతటికీ అమ్మేవారు. గింజ మనది, ఆవిరి వాళ్లది. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూతపడింది. గాయాలకూ, కొంకిపురుగు వ్యాధికీ థైమాల్ కరువైంది. అప్పుడుగాని మన దేశంలోనే వాము నూనె తీసి థైమాల్ తయారు చేయడానికి పూనుకోలేదు. బజారులో వాముపువ్వు అమ్మే అంగళ్లు అంతకుముందే ఉన్నా, ఔషధశాలకు కావలసిన శుద్ధిలో పెద్ద ఎత్తున చేయడం వేరు విషయం.

ఈ వాముపువ్వు క్రిములను ఎందుకు చంపుతుంది? దానికి లిస్టర్ మహాశయుని దగ్గరికి పోవాలి. 1865లో గ్లాస్గోలో ఆయన ఎముక విరిగి చర్మం చీలిన పదకొండేళ్ల బాలుడి కాలి గాయానికి కార్బాలిక్ ఆమ్లం పట్టీ వేసి చీము పట్టకుండా నయం చేశాడు. శస్త్రచికిత్సలో క్రిమినాశకాల యుగం అక్కడ మొదలు. ఆ కార్బాలిక్ ఆమ్లమూ, వాముపువ్వూ, లవంగ నూనెలో నూటికి 70 నుంచి 90 పాళ్లు ఉండే యూజినాలూ రసాయన గోత్రం చూస్తే దాయాదులు. క్రిమి పైపొరలోకి చొరబడి దాన్ని చీల్చడం వీటి పని. లోపలి సరుకు బయటికి కారిపోయి క్రిమి చస్తుంది. ఇంతటి పదును ఉన్నది మన అంగిలి చర్మాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? మా మనవరాలి పొక్కులకు కారణం ఇదే.

లిస్టర్ పేరు మీదనే 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జోసెఫ్ లారెన్స్ అనే వైద్యుడు లిస్టరిన్ తయారు చేశాడు. మొదట అది శస్త్రచికిత్సకు, గాయాలకు. నోరు పుక్కిలించే మందుగా పేరు పొందడం తరువాతి మాట. అందులో మందు సరుకులు నాలుగు. థైమాల్ నూటికి 0.064 పాళ్లు, నీలగిరి తైలపు సారం 0.092, వింటర్ గ్రీన్ నూనె సారం 0.060, మెంథాల్ 0.042. నాలుగూ కలిపినా నూటికి కాలుపాలు కంటె కొంచెం ఎక్కువ. నేను గిన్నెలో పోసినదాన్ని లెక్క కట్టడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అంత పలచగా ఉన్నా ఆ సీసా మీద 12 ఏళ్లలోపు పిల్లలకు వైద్యుణ్ణి అడగనిదే ఇవ్వవద్దని రాసి ఉంటుంది. పాత రకంలో సారాయి పాలు కూడా నూటికి ఇరవై పైనే ఉండేది.

ఈ నాలుగు సరుకులూ తెలుగువారికి కొత్తవా అంటే కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. ఆ డబ్బాలోని కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం వాసన తెలియని తెలుగు ఇల్లు లేదు. ఆ డబ్బా ఆదాయమే 1908లో ఆంధ్రపత్రికకూ, తరువాత భారతికీ ఊపిరి అయింది. తెలుగు పత్రికా చరిత్రలో ఆవిరినూనెకు ఇంత పాత్ర ఉందని మన చరిత్రకారులు పెద్దగా చెప్పరు, నాకైతే చెప్పదగినదిగానే తోస్తుంది. ఇటు హైదరాబాదులో 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు జిందా తిలిస్మాత్ తెచ్చారు. ప్రధానంగా నీలగిరి తైలం, దానితో కర్పూరం, పిప్పర్మెంటు, వాముపువ్వు. ఎరుపు రంగు రతన్ జోత్ అనే వేరుది. లిస్టరిన్ నాలుగింటిలో మూడు అందులోనూ ఉన్నాయన్నమాట. ఆ కారఖానా నుంచే ఫారూకీ పండ్లపొడి వచ్చింది. మన హిందూపురం వైపు మాత్రం మైసూరు గాలి ఎక్కువ కనుక నంజనగూడు పండ్లపొడి రాజ్యమేలింది. 1913లో నంజనగూడులో బి.వి. పండిత్ గారు స్థాపించిన సద్వైద్యశాల సరుకు అది. వడ్లపొట్టు కాల్చిన బూడిద దానికి ఆధారం. నేను చదువుకునే రోజుల్లో హిందూపురం అంగట్లో ఆ పొట్లం కొనడం ఒక హోదా. మా నాయన మాత్రం, ఇంట్లో పొయ్యి ఉండగా బూడిద డబ్బులిచ్చి కొనడమేమిటని కసిరేవాడు.

నీలగిరి చెట్టు గురించి ఒక చిన్న మాట. మన చిత్రావతి పుట్టేది చిక్కబళ్ళాపురం ప్రాంతపు నంది కొండల వైపు. ఆ నంది కొండల్లోనే టిప్పు సుల్తాను కాలంలో ఈ ఆస్ట్రేలియా చెట్లను తొలిసారి నాటారని చెబుతారు. ఆ చెట్ల సంతతే మైసూరు గమ్ పేరుతో దక్షిణాది అంతా వ్యాపించి మన చెరువు గట్ల దాకా వచ్చింది. అయితే మందు నూనె ఎక్కువగా దిగేది ఊటీ కొండల్లోని వేరే రకం నుంచి. మన రోడ్ల పక్క చెట్టు ఆకు నలిపితే వాసన ఉంటుంది గాని ఔషధపు సారం తక్కువ. ఆకులు ఉడికించి పిల్లల నోట్లో పోయదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక పండ్ల మీద పాచి చరిత్ర. 1683లో హాలెండులో లేవెన్‌హుక్ తన పండ్ల మధ్య తెల్లటి పాచిని గీకి, తాను చేసుకున్న కటకం కింద చూసి, అందులో కదిలే సూక్ష్మజీవులను వర్ణిస్తూ లండన్ రాయల్ సొసైటీకి జాబు రాశాడు. ఆయన మరొక సంగతి కూడా గమనించాడు. పండ్లను వెనిగర్‌తో కడిగితే పాచి పైనున్న జీవులే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయి. మూడు వందల ఏళ్ల తరువాత శాస్త్రజ్ఞులు దీనికి బయోఫిల్మ్ అని పేరు పెట్టి అదే విషయాన్ని విస్తరించారు. క్రిములు ఒంటరిగా తిరగవు. జిగురు కట్టుకుని, ఒకదాని మీద ఒకటి కాపురం పెడతాయి. చెరువు బండల మీద నాచులాంటిదే. పైన నీళ్లు పోస్తే పోదు, రుద్దితే పోతుంది. పండ్లను పుచ్చజేసే ముఖ్యమైన క్రిమి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను 1924లో క్లార్క్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. చక్కెరను తిని ఆమ్లం చేయడం, అదే చక్కెరతో జిగురు అల్లడం దాని విద్యలు.

పిల్లల నోట్లో ప్లేటు చేరినప్పుడు ఈ కాపురానికి కొత్త ఇల్లు దొరికినట్లే. పండ్లు సరిచేసే విద్యను ప్రత్యేక శాఖగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్. ఆయన బడి 1900లో మొదలయింది. 19వ శతాబ్దిలో ప్లేట్లు గంధకంతో గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. 1930 దశకంలో అక్రిలిక్ ప్లాస్టిక్ వచ్చి దాన్ని తోసివేసింది. చూడటానికి నున్నగా, చిగురు రంగులో ఉంటుంది గాని అందులో కంటికి కనపడని గుంతలు ఉంటాయి. పైగా అంగిలికి ఆనుకునే వైపు మెరుగు పెట్టరు, పెడితే అచ్చు తప్పుతుంది. ఆ గరుకు వైపే క్రిములూ, కాండిడా అనే బూజూ చేరతాయి. లాలాజలం ఆ సందులోకి సరిగా పోదు. తీగ వంపుల దగ్గర పాలూ బిస్కెట్టూ ఇరుక్కుంటాయి. వేలు చీకే అలవాటు మాన్పే ప్లేటైనా, ముందుగా ఊడిన పాలపంటి చోటు కాపాడే తీగకట్టయినా ఇదే తంతు. బ్రష్షుకు దొరకని మూలలు పెరుగుతాయి, పంటి మీద తెల్లమచ్చలు పడతాయి.

మన దేశంలో ఈ వైద్యమే ఆలస్యంగా వచ్చింది. మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించారు. దంతవైద్యుల చట్టం 1948లో. హైదరాబాదులో ప్రభుత్వ దంతకళాశాల 1959లో. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ తాలూకాలో పంటినొప్పి అంటే సంతలో పట్టకారు పట్టుకు కూర్చునే మనిషి, లేదా మా మందుల గది. మా దగ్గర ఉన్నదేమిటి? దూదికి లవంగ నూనె, పుక్కిలించడానికి థైమాల్ గ్లిజరిన్, నోటిపూతకు జెన్షన్ వయొలెట్. పిల్లలకు క్లిప్పులు, ప్లేట్లు అన్న మాట నేను పదవీ విరమణ దగ్గర పడేదాకా వినలేదు. మన పిల్లల పండ్లకు అప్పటి పెద్ద శత్రువు వేరు. నీళ్లలో ఫ్లోరైడు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల్లో దేశంలోనే మొదటగా గుర్తించిన ఈ వ్యాధి మన అనంతపురం బోరు నీళ్లలోనూ ఉంది. గోధుమరంగు చారల పండ్లతో బడికి వచ్చే పిల్లలు నవ్వడానికి సిగ్గుపడి ఇటుకపొడితో రుద్దుకునేవారు. చార పోయేది కాదు, పింగాణీ మాత్రం అరిగిపోయేది. 1990 దశకం నడుమ సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక ఎన్నో ఊళ్లలో ఆ బాధ తగ్గింది.

దంతవైద్యానికి లవంగ నూనె చేసిన సేవ తక్కువది కాదు. 19వ శతాబ్ది చివరి పాదంలో జింక్ ఆక్సైడు పొడిని యూజినాల్‌తో నూరితే గట్టిపడి పంటి గుంతలో నిలుస్తుందని కనుగొన్నారు. దంతవైద్యుల గదిలోకి అడుగుపెట్టగానే వచ్చే ఆ వాసన దానిదే. అదే యూజినాల్ ప్లాస్టిక్ జాతి పూతలు గట్టిపడకుండా అడ్డుతుందని కూడా వారికి తెలుసు. కొత్త తెల్లపూత వేసేచోట దానికి దూరంగా ఉంటారు. ప్లాస్టిక్‌కూ ఈ నూనెలకూ పొత్తు కుదరదన్నది ఆ వృత్తిలో పాత పాఠమే. గాఢమైన నూనెను ప్లాస్టిక్ పీల్చుకుంటుంది, మెల్లగా వదులుతుంది. రాత్రంతా పీల్చుకున్నదాన్ని మా మనవరాలి అంగిలి మీద పొద్దుటి నుంచి వదిలింది. ఒకవైపు లేవడం వేడినీళ్ల పని.

మరి ప్లేట్లకు ఆవిరినూనెల మీద ఇంత పరిశోధన ఎందుకు జరుగుతోంది? కారణం ఉంది. క్రిములను అణచడంలో ఇప్పటిదాకా ముందున్నది క్లోర్‌హెక్సిడిన్. 1970లో డెన్మార్కులో లో, షియోట్ అనే దంతవైద్యులు దానితో పుక్కిలిస్తే పాచి కట్టదని చూపించారు. కాని కొన్ని వారాలు వాడితే పండ్లు గోధుమరంగు తిరుగుతాయి, రుచి చెడుతుంది. పిల్లలు ఏడాది, రెండేళ్లు ప్లేటు పెట్టుకోవాలి. అన్నాళ్లు దాన్ని వాడలేరు. అందుకని లవంగం, దాల్చినచెక్క, వాము, నిమ్మగడ్డి, ఆస్ట్రేలియా టీ ట్రీ నూనెలను అక్రిలిక్ బిళ్లల మీద పరీక్షిస్తున్నారు. మన దేశపు దంతకళాశాలల్లోనూ ఈ పని సాగుతోంది. కొందరు ప్లేటు నానబెట్టే ద్రవంగా, కొందరు పిచికారీగా, కొందరు ప్లాస్టిక్ పొడిలోనే కలిపి చూస్తున్నారు. గాజుపాత్రలో ఫలితాలు బాగున్నాయి. మ్యూటన్స్ క్రిమి పెరగడం తగ్గుతోంది, జిగురు అల్లడం మందగిస్తోంది. ముఖ్యంగా వాముపువ్వు, దాల్చిన నూనె చాలా తక్కువ మోతాదులోనే పనిచేస్తున్నాయి.

గాజుపాత్రలో లాలాజలం లేదు, చాక్లెట్ లేదు, ఏడ్చే పిల్ల లేదు. నా అనుభవంలో మందు గొప్పతనం ఎప్పుడూ ఈ మూడింటి దగ్గరే తేలుతుంది. పైగా ఒక తోట లవంగం నూనె మరో తోటదానితో సమానం కాదు. వర్షం, నేల, కోత కాలాన్ని బట్టి సారం మారుతుంది. బజారు సీసాలో కల్తీ సరేసరి. దాల్చిన నూనె కొందరి నోటి చర్మానికి అసలు పడదు. పిల్లలు తాగితే ప్రమాదం చిన్నది కాదు. 1993లో ఇంగ్లండు వైద్యులు ప్రచురించిన ఉదంతంలో రెండేళ్ల బాలుడు అయిదు నుంచి పది మిల్లీలీటర్ల లవంగ నూనె తాగి స్పృహ తప్పి, కాలేయం దెబ్బతిని, చావు అంచు దాకా పోయి బతికాడు. రెండు చెంచాలు కూడా నిండని మోతాదు! నీలగిరి తైలం, కర్పూరం కొద్ది చెంచాలకే పసిపిల్లలకు ఫిట్స్ తెస్తాయి. ఇలాంటి సీసాలను మనం దేవుడి గూట్లో, కిటికీ అరుగు మీద, మంచం పక్కన పెట్టుకుంటాం. మనవలు వచ్చే ఇళ్లలో పెద్దలు ఆ సీసాలను ఈ రోజే పై అరకు ఎక్కించాలని నా విన్నపం.

ఆనాడు దంతవైద్యురాలు చెప్పిన విధానం ఎంత చిన్నదో చూడండి. ప్లేటు తీసిన ప్రతిసారీ చల్లటి నీళ్ల కింద పట్టి, దానికోసమే ఉంచిన మెత్తటి బ్రష్షుతో, మామూలు సబ్బు నురుగుతో రెండువైపులా, తీగ వంపుల్లో తోమాలి. ముఖ్యంగా మెరుగులేని లోపలి వైపు. గరుకు పొడులు వద్దు, గీతలు పడితే క్రిములకు ఇంకా వసతి. వేడినీళ్లు అసలు వద్దు. వారానికి కొన్నిసార్లు ఆమె చెప్పిన బిళ్ల వేసిన నీళ్లలో కొద్దిసేపు నానబెట్టి, బాగా కడిగి పెట్టుకోవాలి. ఆ బిళ్లలో పుదీనా నూనె పరిమళం కొద్దిగా ఉందని అట్టపెట్టె మీద చదివి నేను లోలోపల సంతోషించాను. ఎంతైనా మనవాడే కదా! "నూనెలు పనికిరావని కాదు తాతగారూ, మోతాదు తేలాలి, పిల్లల మీద తేలాలి. తేలిందాకా నా దగ్గరికి రాకుండా ఏమీ కలపొద్దండి" అంది ఆమె. నా జీవితమంతా రోగులకు నేను చెప్పిన మాట అదే, మందు పేర్లు వేరు.

అవ్వల కాలం నుంచి ఇంట్లో ఉన్న వస్తువు కనుక హాని చేయదన్న ధైర్యమే నన్ను దెబ్బతీసింది. అవ్వ లవంగ మొగ్గ నమిలింది. ఒక మొగ్గలో నూనె నూటికి పదిహేను పాళ్లకు అటూ ఇటూ ఉంటుంది, అదీ నమిలేకొద్దీ ఊటలా వస్తుంది. నేను వాడింది ఎన్నో గుప్పెళ్ల మొగ్గల సారాన్ని ఒక్క సీసాలోకి దించినది. వస్తువు ఒకటే గాని అవ్వ వాడింది ఒక పదార్థం, నేను వాడింది మరొకటి.

మన జిల్లా 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా అయింది. కేంద్రం పుట్టపర్తి బుక్కపట్నానికి కూతవేటు దూరం. మా రోజుల్లో పంటి వైద్యానికి అనంతపురమో, బెంగుళూరో రైలెక్కవలసి వచ్చేది. సంఘం తరఫున ఏటా జరిపే ఆరోగ్య శిబిరంలో కంటి పరీక్ష, రక్తపోటు పరీక్షలతో పాటు సభ్యుల మనవలకు దంతపరీక్ష కూడా చేర్చాలని కార్యవర్గం ముందు ప్రతిపాదన పెట్టి ఉన్నాను. శిబిరానికి వచ్చే దంతవైద్యులకు బల్ల, దీపం, నీళ్ల బిందె సిద్ధం చేసే పని నాకు అప్పగిస్తే చేస్తాను. మందులు కలిపే పని మాత్రం అడగవద్దు.

ఈ వేసవికి మా మనవరాలు మళ్లీ వచ్చింది. పన్నెండేళ్లు నిండాయి. పండ్లు వరసకు వచ్చాయి, ప్లేటు రాత్రిపూట మాత్రమే. పొద్దున పెరటి కొళాయి దగ్గర నిలబడి ఒక బ్రష్షుతో పండ్లు, ఇంకొక బ్రష్షుతో ప్లేటు తోముకుంటుంటే నేను పక్కన వేపపుల్ల నములుతూ కూర్చున్నాను. ఆమె నా వైపు చూసి, "తాతా, నీ పుల్లకు ఆవిరినూనె ఉందా?" అంది.

"లేదమ్మా, చేదు ఒక్కటే" అన్నాను.